నలుగురితో నడక
(బహ్రెయిన్‌లోని నువైద్రాత్‌లో తెలుగువారి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు నిర్వాహకులు. ఆరోగ్యం మీద ఉపన్యాసం అనగానే వెనక వరుసల్లోని వారు మెల్లగా టిఫిన్ల వైపు జారుకుంటారన్న సంగతి నాకు తెలియనిది కాదు. అందుకని అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి, పచ్చళ్ళు మానండి అని నేను చెప్పబోవడం లేదు. ఆ మాటలు డాక్టర్లు ఎలాగూ చెబుతూనే ఉన్నారు. మనం ఎలాగూ వినకుండానే ఉన్నాం. దానికి బదులు ఒక పార్కు కథ చెబుతాను. ఆ కథ మనకెందుకో చివర్లో చెబుతాను. కథ నచ్చకపోతే టిఫిన్లు ఎక్కడికీ పోవు.

పదమూడు మందితో మొదలు

లండన్ నగరం శివార్లలో టెడ్డింగ్టన్ అని ఒక ఊరుంది. దాని పక్కన బుషీ పార్క్. రాజుల కాలం నాటి ఉద్యానవనం. ఇప్పటికీ అందులో జింకలు తిరుగుతుంటాయి. 2004 అక్టోబరు 2, శనివారం ఉదయం ఆ పార్కులో 13 మంది పరుగెత్తారు. మనకది గాంధీ జయంతి. నడకతో ఒక సామ్రాజ్యాన్నే కదిలించిన మనిషి పుట్టినరోజున ఇది మొదలుకావడం కేవలం కాకతాళీయమే అయినా వినడానికి బాగుంటుంది కదా!

ఆ పరుగు ఏర్పాటు చేసిన ఆయన పేరు పాల్ సింటన్-హ్యూయిట్. జింబాబ్వేలో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, ఇంగ్లండులో స్థిరపడ్డాడు. అంటే ఆయనా మనలాగే పుట్టిన నేల విడిచి వచ్చినవాడే. ఆ రోజుల్లో ఆయన పరిస్థితి ఏమీ బాగాలేదు. ఉద్యోగం పోయింది. కాలికి దెబ్బ తగిలి పరుగు ఆగిపోయింది. పరుగు ఆగితే తోటి పరుగువాళ్ళ స్నేహం కూడా జారిపోతుందన్న దిగులు పట్టుకుంది. ఇంట్లో కూర్చుని కుమిలిపోయే బదులు ఒక పని చేశాడు. "నేను పరుగెత్తలేను. మీరు పరుగెత్తండి. గడియారం నేను పట్టుకుంటాను. అయిపోయాక అందరం కలిసి కాఫీ తాగుదాం" అన్నాడు.

మిత్రులారా, ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటె నచ్చిన ముక్క ఇదే. ప్రపంచమంతా పాకిన ఈ పరుగును మొదలుపెట్టిన మనిషి ఆ రోజు పరుగెత్తనే లేదు. ఆయనకు కావలసింది పతకమూ కాదు, రికార్డూ కాదు. వారానికొకసారి నలుగురి ముఖాలు చూడాలి. అంతే.

అప్పట్లో కంప్యూటర్ హంగులేమీ లేవు. ముందు వచ్చినవారెవరో, తర్వాత వచ్చినవారెవరో గుర్తుపెట్టుకోవడానికి హార్డ్‌వేర్ దుకాణంలో నట్లకూ బోల్టులకూ వేసే వాషర్లు కొని, వాటి మీద అంకెలు కొట్టించి, గమ్యం చేరినవారికి ఒక్కొక్కటి ఇచ్చేవారు. మొదట్లో ఆ ఒక్క పార్కే. 2007 జనవరిలో వింబుల్డన్‌లో రెండోది మొదలైంది. ఆ తర్వాత దానికి 'పార్క్‌రన్' అన్న పేరు స్థిరపడింది. డెన్మార్క్, పోలండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ దేశాలకు పాకింది. అమెరికాలో 2012లో మిచిగన్ రాష్ట్రంలోని లివోనియాలో, సింగపూరులో 2014లో ఈస్ట్ కోస్ట్ పార్క్‌లో, జపానులో 2019లో మొదలైంది. ఇవాళ ఇరవైకి పైగా దేశాల్లో, రెండు వేలకు పైగా చోట్ల జరుగుతున్నది. పేరు నమోదు చేయించుకున్నవారు కోటి దాటారు. సింటన్-హ్యూయిట్ గారికి 2014లో బ్రిటిష్ ప్రభుత్వం సి.బి.ఇ. బిరుదునిచ్చి గౌరవించింది.

వెళ్ళినవాడికి ఏం జరుగుతుంది?

మీలో చాలామంది పిల్లలు, అన్నదమ్ములు, మేనల్లుళ్ళు లండన్‌లోనో, మెల్బోర్న్‌లోనో, సింగపూరులోనో ఉన్నారు. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక శనివారం ఉదయం తప్పకుండా వెళ్ళి చూడండి. ఏం జరుగుతుందో ముందే చెబుతాను.

ముందు ఒక్కసారి పేరు నమోదు చేసుకోవాలి. రుసుము లేదు. ఒక బార్‌కోడ్ ఇస్తారు. కిరాణా కొట్లో బిస్కెట్ల పొట్లం మీద ఉంటుందే, అలాంటిదే. కాగితం మీద ముద్రించుకోవచ్చు, ఇప్పుడైతే ఫోనులో చూపించినా ఒప్పుకుంటున్నారు. ఆ ఒక్క బార్‌కోడ్ ఏ దేశంలో ఏ పార్కులోనైనా, జీవితాంతం పనిచేస్తుంది. శనివారం ఉదయం వేళకు చేరుకుంటే కొత్తవారినందరినీ ఒక పక్కకు పిలిచి దారి ఎటో, మలుపులెక్కడో చెబుతారు. మీ ఊరేది అని అడుగుతారు. చెబితే అందరూ చప్పట్లు కొడతారు. మనం చేసిన ఘనకార్యమేమీ లేకపోయినా సరే.

ఆ తర్వాత 5 కిలోమీటర్లు. పరుగెత్తేవారు పరుగెత్తుతారు, నడిచేవారు నడుస్తారు. కొందరు కాసేపు అదీ కాసేపు ఇదీ. పసిపిల్లను తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని తోసుకుంటూ వెళ్ళే తల్లులుంటారు. చూపు లేనివారి పక్కన చేయి పట్టుకుని పరుగెత్తే తోడు మనుషులుంటారు. చివరికి చేరగానే మీరు ఎన్నోవారో చెప్పే ఒక బిళ్ళ చేతిలో పెడతారు. ఆ బిళ్ళనూ, మీ బార్‌కోడ్‌నూ ఒకరు స్కాన్ చేస్తారు. మధ్యాహ్నానికల్లా మీ సమయం మీకు ఈమెయిల్‌లో వస్తుంది. నాలుగు నుంచి పధ్నాలుగేళ్ళ వయసు పిల్లలకు బ్రిటన్‌లాంటి చోట్ల ఆదివారం పూట 2 కిలోమీటర్ల పరుగు విడిగా ఉంది.

దారి చూపేవారు, గడియారం పట్టుకునేవారు, స్కాన్ చేసేవారు, అందరూ జీతం లేని కార్యకర్తలే. ఈ వారం పరుగెత్తినవాడు వచ్చే వారం పసుపుపచ్చని చొక్కా తగిలించుకుని మలుపులో నిలబడి చప్పట్లు కొడతాడు. మన పెళ్ళిళ్ళలో ఒకప్పుడు వడ్డనకు మనిషిని పెట్టుకునేవారు కారు. కండువా నడుముకు చుట్టుకుని ఇంటివాళ్ళే దిగేవారు. అచ్చం అలాంటిదే ఇది.

వెనకబడినవాడి వెనక ఒకడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ పోటీలోనైనా అందరి చూపూ మొదటివాడి మీద ఉంటుంది. చివరివాడు వచ్చేసరికి రిబ్బను చుట్టేసి, కుర్చీలు మడిచేసి, జనం వెళ్ళిపోతారు. ఆ చివరివాడు మళ్ళీ రాడు. ఎందుకు వస్తాడు?

పార్క్‌రన్‌లో ఈ ఒక్క సంగతి మార్చారు. ప్రతి వారం ఒక కార్యకర్త పని ఏమిటంటే, అందరికంటె వెనక నడవడం. దాన్ని 'టెయిల్ వాకర్' అంటారు. ఎవరు ఎంత మెల్లగా నడిచినా, వారి వెనక ఇంకొక మనిషి ఉంటారు. కాబట్టి మీరు ఎప్పటికీ చివరివారు కారు. చివరి స్థానం ఆ కార్యకర్తది. ఆ మనిషి గమ్యం చేరేదాకా గడియారం ఆగదు.

దీని ఫలితం ఎలా ఉందో చూడండి. 2005 ప్రాంతాల్లో ఈ 5 కిలోమీటర్లకు సగటున పట్టిన సమయం 22 నిమిషాల చిల్లర. అంటే వచ్చినవారందరూ పరుగులో ఆరితేరినవారే. ఇవాళ ఆ సగటు 30 నిమిషాలు ఎప్పుడో దాటిపోయింది. వేరే ఏ ఆటల సంఘమైనా దీన్ని చూసి తలపట్టుకునేది. వీరు సంబరపడ్డారు. సగటు పెరిగిందంటే, ఎప్పుడూ పరుగెత్తనివారు, లావుగా ఉన్నవారు, మోకాళ్ళ నొప్పులవారు, అరవై దాటినవారు ఇంట్లోంచి బయటకు వచ్చారని అర్థం. 2022లో నడిచేవారి కోసమని ప్రత్యేకంగా పిలుపిచ్చారు. 2024లో అందరికంటె వేగంగా పరుగెత్తినవారి పట్టికలను తమ వెబ్‌సైటు నుంచి తీసేశారు. దాని మీద పెద్ద రగడే జరిగింది, వేగంగా పరుగెత్తేవారు నొచ్చుకున్నారు. వారి బాధలోనూ న్యాయముంది. కాని ఎవరిని చూసి ఎవరు జంకుతున్నారన్న ప్రశ్న వేసుకుని ఆ పని చేశారు.

ఇంకొక మాట. డబ్బు తీసుకోకూడదన్న నియమాన్ని వారు ఎంత గట్టిగా పట్టుకున్నారో చెప్పాలి. 2016లో బ్రిస్టల్ నగరం దగ్గర లిటిల్ స్టోక్ అన్నచోట స్థానిక మండలివారు, పార్కు వాడుతున్నారు కాబట్టి రుసుము కట్టాలన్నారు. కట్టడం పెద్ద కష్టమేమీ కాదు. తలా ఒక పౌండు వేసుకుంటే సరిపోయేది. కాని ఒకచోట కడితే రేపు అన్నిచోట్లా కట్టాలి, అప్పుడు జేబులో పౌండు లేనివాడు రాడు అని ఆలోచించి, అక్కడ పరుగునే ఆపేసుకున్నారు. 2017లో ఇంగ్లండులోని హావెరిగ్ జైలులో ఖైదీలకూ సిబ్బందికీ కలిపి ఈ పరుగు మొదలైంది. జైలు గోడల లోపలా అదే 5 కిలోమీటర్లు, అదే నియమం.

మనకు ఇది కొత్త కాదు

ఇదంతా విని, "తెల్లవాళ్ళ సరదాలు మనకెందుకండీ" అని ఎవరైనా అనవచ్చు. నేనంటాను, ఇది మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే అని.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ముత్తయిదువను ఎవరైనా "నువ్వు ఎన్నోదానివి?" అని అడిగారా? మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసపడుతూ కూర్చున్న ముసలాయనను చూసి ఎవరైనా నవ్వారా? "గోవిందా" అంటూ చేయి అందించినవారే గాని! సింహాచలంలో ఆషాఢ మాసంలో పౌర్ణమికి గిరి ప్రదక్షిణ జరుగుతుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారు. లక్షల మంది. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు ఇచ్చేవారికి ఎవరూ జీతమివ్వరు. గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు, చేరినవారే అందరూ. నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా అన్న సామెతను మనం ఎగతాళికి వాడుతుంటాం గాని, ఒంటరిగా చేయలేని పనిని మనిషి గుంపులో చేయగలడన్న అనుభవం దాని అడుగున ఉంది.

మనకున్న లోటల్లా ఒకటే. మనం ఏడాదికొకసారి 32 కిలోమీటర్లు నడిచి, మిగతా 364 రోజులు కుర్చీలో కూర్చుంటాం. వాళ్ళు వారానికి 5 కిలోమీటర్లు పెట్టుకున్నారు. లెక్క వేసి చూడండి. ఏడాదికి 52 వారాలు, 260 కిలోమీటర్లు. హైదరాబాదులో బయలుదేరినవాడు దాదాపు విజయవాడ చేరినట్టే!

మన ఊళ్ళలోనూ గాలి మారింది. హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు చుట్టూ తెల్లవారకముందే జనం. 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సంస్థ వల్ల ఎందరో ఉద్యోగులు, గృహిణులు నలభై దాటాక తొలిసారి బూట్లు కట్టారు. విశాఖలో బీచ్ రోడ్డు సంగతి చెప్పనక్కరలేదు.

అవసరం కూడా అలాగే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. తెల్లవారితో పోలిస్తే మనకు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే షుగరు వస్తుంది. మంచి మాట కూడా ఒకటుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు గుమ్మంలో ఉన్న 531 మంది మీద మూడేళ్ళు అధ్యయనం చేసి 2006లో ప్రకటించింది. నడక, తిండిలో మార్పు, ఈ రెండిటితోనే జబ్బు వచ్చే ప్రమాదం సుమారు 28 శాతం తగ్గింది. అందులో ఉన్నది మన దక్షిణాది తిండి తినే మనుషులే. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక శుక్రవారం నడక అందులో గంటసేపు తీరుస్తుంది. మిగతాది వారం మధ్యలో చూసుకోవాలి.

నువైద్రాత్‌కు వస్తే

ఇక మన సంగతి. పార్క్‌రన్ దేశాల జాబితాలో బహ్రెయిన్ లేదు. మన భారతదేశమూ లేదు. ఆ పేరు వారిది, మనం పెట్టుకోలేం. కాని వారానికొకసారి ఒకేచోట, ఒకే వేళకు నలుగురు కలిసి నడవడానికి ఎవరి పేరూ అక్కరలేదు.

మన నువైద్రాత్ ఎక్కడుందో మీకు తెలుసు. ఇటు సిత్రా, అటు రిఫా, చుట్టుపక్కల మామీర్, సనద్, అల్ ఎకర్. చమురుశుద్ధి కర్మాగారం దగ్గర్లోనే. గ్యారేజీలు, వర్క్‌షాపులు, కంపెనీ గదులు. ఇక్కడ ఉన్న తెలుగువారిలో కోనసీమవారున్నారు, కడపవారున్నారు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదువారున్నారు. ఇంజనీర్లున్నారు, వెల్డర్లున్నారు, ఇళ్ళల్లో పనిచేసే అక్కలున్నారు. అందరం తెలుగువాళ్ళమే. కాని అందరం ఒకచోట కలిసేది ఎన్నిసార్లు? ఉగాదికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి. అది కూడా హాలుకు రావడానికి కారుండాలి, కట్టుకోవడానికి మంచి బట్టలుండాలి, ఆ పూట డ్యూటీ లేకుండా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా గదిలో ఉండిపోతాడు.

శుక్రవారం ఆ గదిలో ఎలా గడుస్తుందో మనలో చాలామందికి తెలుసు. బట్టలుతకడం, కోడికూర వండుకోవడం, ఇంటికి ఫోను, నిద్ర. ఫోనులో అమ్మ అడుగుతుంది, "బాగున్నావా నాయనా?" "బాగున్నానమ్మా." ఆ ఒక్క మాట మీద రెండు కుటుంబాలు వారమంతా బతుకుతాయి. నిజంగా బాగున్నాడో లేదో చూసినవాడెవరు?

మిత్రులారా, ఈ మాట చెప్పడానికి మనసొప్పడం లేదు గాని చెప్పక తప్పదు. గల్ఫ్‌లో మనమందరం విన్న కబురే. "రాత్రి పడుకున్నాడు, పొద్దున లేవలేదట." అప్పుడు మనమంతా కదులుతాం. ఫోన్లు చేస్తాం, కాగితాలు తిరుగుతాయి, తలా అయిదు దీనార్లో పది దీనార్లో వేసుకుంటాం, పెట్టెను ఊరికి పంపిస్తాం. మనవాళ్ళ గుండె గొప్పది, కాదనను. కాని ఆ మనిషి ముఖం వారిపోయిందని నెల కిందటే ఎవరైనా చూసి ఉంటే? "ఏం అన్నా, చెయ్యి లాగుతోందంటున్నావు, పద ఆసుపత్రికి" అని ఒకరు అని ఉంటే? పోయిన తర్వాత చందా వేయడం మనకు బాగా వచ్చు. ఉండగా వారానికొకసారి పలకరించడం నేర్చుకోవాలి. పరుగు వల్ల చావు తప్పుతుందని నేను అనడం లేదు. ఎవరైనా రెండు వారాలు కనబడకపోతే, "ఏడీ ఫలానావాడు?" అని అడిగే నోరు ఒకటి ఉంటుందంటున్నాను. నా దృష్టిలో ఈ నడక అసలు ప్రయోజనం అదే. ఇదొక హాజరు పట్టీ.

మీరు అడగబోయే ప్రశ్నలు

"వారంలో ఆరు రోజులు ఒళ్ళు హూనం చేసుకునేవాణ్ణి, ఏడో రోజు కూడా పరుగెత్తమంటారా?" అని ఒక తమ్ముడు అడుగుతాడు. సబబైన ప్రశ్న. ఇటుకలు మోసేవాడికి వ్యాయామం గురించి ఏ.సి. గదిలో కూర్చునేవాడు చెప్పడం కంటె సిగ్గుమాలిన పని లేదు. తమ్ముడూ, నువ్వు పరుగెత్తవద్దు. రా. కుర్చీ వేసుకుని కూర్చో. గడియారం నువ్వు పట్టుకో. మీ ఫోర్‌మన్ పొట్ట వేసుకుని ఆయాసపడుతూ వస్తుంటే "ఇంకా రెండు చుట్లున్నాయి సార్" అని కేకెయ్యి. ఆ ఆనందం నీకు ఇంకెక్కడా దొరకదు! ఒక్క షరతు మాత్రం. నీళ్ళ డబ్బాలు మోయడం, చెత్త ఏరడం తమ్ముళ్ళ నెత్తిన పడకూడదు. మొదటి నెల ఆ పని ఆఫీసర్లదే.

"ఈ ఎండల్లోనా?" అని రెండో ప్రశ్న. ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. ఈ దేశ ప్రభుత్వమే 2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం 12 మొదలు 4 దాకా ఆరుబయట పని నిషేధించింది. మొదట జులై, ఆగస్టులకే ఉన్న ఆ నిషేధాన్ని 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పొడిగించింది. ఆ మూడు నెలలూ మనమూ పరుగు ఊసెత్తవద్దు. తెల్లవారుజామున కూడా గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడి ఉదయాలు మన కార్తీక మాసపు ఉదయాలకు ఏమీ తీసిపోవు. వేసవిలో కలవడం మాత్రం మానవద్దు. నీడలో కూర్చుని మజ్జిగ తాగినా హాజరు హాజరే.

"నాకు షుగరుంది, బీపీ ఉంది" అంటారు మూడోవారు. ముందు డాక్టరునడగండి, ఆ తర్వాత నడవండి. గంటలో 5 కిలోమీటర్లు అంటే మామూలు నడకే. నడుస్తుండగా గుండెల్లో బరువు, ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం లాంటివి అనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి, పక్కవాడికి చెప్పాలి. మొహమాటం వద్దు. అసలు పక్కవాడు ఉన్నదే అందుకు. షుగరు మందులు వేసుకునేవారు జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోండి. పరుగు నేర్చుకోవాలనుకునేవారికి 1996లో జాష్ క్లార్క్ అనే ఆయన తయారుచేసిన తొమ్మిది వారాల పద్ధతి ఉంది. ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడకతో మొదలుపెట్టి అంచెలంచెలుగా పెంచుతుంది. తొందర అక్కరలేదు. నిదానమే ప్రధానం.

"మేము చీరల్లో, చుడీదార్లలో వస్తే నవ్వరా?" అని అక్కలు అడుగుతారు. అలిపిరి మెట్లు చీరకట్టుతోనే ఎక్కామమ్మా. కాళ్ళకు బూట్లు మాత్రం సరైనవి వేసుకోండి. పిల్లలను చూసుకోవడం ఆ గంటసేపు నాన్నల వంతు.

ఎలా మొదలుపెట్టాలి?

పెద్ద ఏర్పాట్లు వద్దు. కమిటీ వేయవద్దు. కమిటీ వేశామంటే అధ్యక్షుడెవరన్న దగ్గరే నడక ఆగిపోతుందని మనకు అనుభవమే.

చోటు నిశ్చయించాలి. రిఫాలో ఖలీఫా అల్ కుబ్రా పార్కు లాంటి మంచి చోట్లున్నాయి. కాని కారు లేనివాడు నడిచి రాగలిగిన చోటే మనకు మంచి చోటు. చిన్న పార్కయినా ఫరవాలేదు. బాట 500 మీటర్లుంటే పది చుట్లు. చిన్న బాటలో ఒక సుఖముంది. వేగంగా పోయేవాడూ, మెల్లగా పోయేవాడూ పదేపదే ఎదురుపడుతూనే ఉంటారు. ఎవరు ముందో ఎవరు వెనకో నాలుగు చుట్లయ్యేసరికి ఎవరికీ తెలియదు. చుట్లు లెక్కపెట్టుకోవడానికి చేతికి రబ్బరు బ్యాండ్లు వేసుకుని, చుట్టుకొకటి తీసేస్తే సరి. గమ్యంలో ఇచ్చే బిళ్ళలకు వాషర్లే వాడదాం. మామీర్ వర్క్‌షాపుల్లో వాషర్లకు కరువా?

రోజు శుక్రవారం. శనివారం సెలవు ఆఫీసులవారికే ఉంటుంది. కష్టం చేసుకునేవారిలో చాలామందికి శుక్రవారం ఒక్కటే. సూర్యుడు నెత్తికెక్కకముందే ముగించాలి. జుమా ప్రార్థన వేళకు ఊరివారికి దారులు, పార్కింగు ఖాళీగా ఉండాలి. ఇది వారి ఊరు. మనం అతిథులం. అనుమతి అడగవలసినవారిని అడిగి, బ్యానర్లు, మైకులు, నినాదాలు లేకుండా, మనం వచ్చి వెళ్ళిన జాడ కనబడకుండా చోటును శుభ్రంగా వదలాలి. బహ్రెయినీ మిత్రులు ఎవరైనా "ఏమిటిది?" అని అడిగితే సలాం చెప్పి కలుపుకోండి. రంజాన్ నెలలో బాట మీద నీళ్ళు తాగడం, తినడం వద్దు. ఆ నెల వేళ మార్చుకుందాం.

కారున్న ప్రతివారూ కారులేని ఇద్దరిని ఎక్కించుకుని రావాలి. రుసుము లేదు, చందా లేదు, స్పాన్సర్లు లేరు, టీషర్టులు లేవు. ఎవరైనా ఉదారులు డబ్బిస్తానంటే వద్దని చెప్పి, ఫ్లాస్కులో టీ తెమ్మనండి.

పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం. అందులో పేరు, గది ఉన్న చోటు, ఫోను నంబరు. వరుసగా రెండు శుక్రవారాలు ఎవరి పేరు లేకపోతే వారికి ఆ సాయంత్రమే ఫోను చేయాలి. తీయకపోతే గదికి వెళ్ళాలి. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో వారిదే ఇందులో అన్నిటికంటె పెద్ద పని.

ఇక చివరి నియమం. ప్రతి వారం ఒకరు అందరి వెనక నడవాలి. మనలో ఎవరికి పదవి పెద్దదో, ఎవరికి వేదిక మీద కుర్చీ వేస్తామో, వారితోనే ఆ పని మొదలుపెట్టిద్దామని నా మనవి. సభాధ్యక్షులు నవ్వుతున్నారు. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.

కువైట్‌లో, దుబాయ్‌లో, మస్కట్‌లో, దోహాలో ఉన్న మనవారికి కూడా ఇదే మాట చెబుతున్నాను. లండన్, సిడ్నీ, సింగపూరుల్లో ఉన్నవారికి వేరే ఏర్పాటు కూడా అక్కరలేదు, దగ్గర్లోని పార్కుకు వెళితే చాలు. ఒక్కరే వెళ్ళవద్దు. ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి, పిల్లల దగ్గరికి వచ్చి నాలుగు గోడల మధ్య బిక్కుబిక్కుమంటున్న అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళండి.

2020 మార్చిలో కరోనా వచ్చి ప్రపంచమంతటా ఈ పరుగులు ఆగిపోయాయి. ఇంగ్లండులో మళ్ళీ మొదలవడానికి పదహారు నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఒకే గదిలో ఎనిమిదిమంది ఉండి కూడా ఒంటరిగా ఉండడమంటే ఏమిటో మనమూ చూశాం. ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి. బయటికి రావడమే తరువాయి.

నవంబరు తొలి శుక్రవారం, ఉదయం ఆరు గంటలు. పదమూడు మంది వస్తే చాలు. ఇప్పుడే చేతులెత్తితే పేర్లు రాసుకుంటాను. ఆ తర్వాతే టిఫిన్లు.